రెండు ఫైళ్లు, ఒక మనిషి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారం ఒక్కటే. భర్తకు మూత్రాశయంలో ఒక క్యాన్సర్, దాని కిందే మగవాళ్లకు ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో ఇంకొకటి. పక్కన ఉన్న భార్యకు ఏది ముందు, ఏది వెనక తెలియడం లేదు. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు పెట్టి, ఈ పేజీ వీళ్లకే ఇస్తున్నాను.

కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట. నేను డాక్టర్‌ని కాను. మావారికి మూత్రాశయ క్యాన్సర్ కండరం దాకా పోవడంతో మూత్రాశయం మొత్తం తీసేశారు. మగవాళ్లకు ఆ ఆపరేషన్‌లో ప్రోస్టేట్ కూడా మామూలుగా తీసేస్తారు. తీసినదాన్ని పరీక్షకు పంపితే ప్రోస్టేట్‌లో వేరే క్యాన్సర్ ఉందని రిపోర్టు వచ్చింది. ఇలా అనుకోకుండా బయటపడటం అరుదేమీ కాదని తర్వాత తెలిసింది. కాబట్టి ఇక్కడ రాసేది పక్క కుర్చీలో కూర్చున్న మనిషి రాసేది. మందుల విషయం మీ డాక్టర్‌దే.

ప్రశ్న: అక్కా, మావారికి 68 ఏళ్లు. నొప్పీ ఏమీ లేకుండా మూత్రంలో రక్తం పడింది. చూస్తే మూత్రాశయంలో గడ్డ. లోపలినుంచే గీరి తీశారు. హై గ్రేడ్ అన్నారు గానీ కండరంలోకి పోలేదట. ఇప్పుడు మూత్రాశయంలోకి బీసీజీ అనే మందు ఎక్కిస్తున్నారు. ఈలోగా ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష, పీఎస్‌ఏ, 9 వచ్చింది. బయాప్సీ చేస్తే ప్రోస్టేట్‌లోనూ క్యాన్సర్, గ్లీసన్ 3+4 అన్నారు. ఒక డాక్టర్ రేడియేషన్ మొదలుపెడదాం అంటారు, ఇంకొకరు ఆగమంటారు. ఒకదాన్నుంచి ఇంకొకదానికి పాకిందా? ఎవరి మాట వినాలి? ఈయనేమో నోరు విప్పరు. డాక్టర్ ముందు అన్నిటికీ తల ఊపి, ఇంటికొచ్చాక ఏం చెప్పారంటే గుర్తులేదంటారు. గట్టిగా అడిగితే "నీకెందుకు, నేను చూసుకుంటా" అంటారు. సిగరెట్ కూడా పూర్తిగా మానలేదు. — ఒక పాఠకురాలు

జవాబు: ముందు పాకడం సంగతి. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మూత్రాశయం లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ కణం వేరు, ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టేది వేరు. మైక్రోస్కోప్ కింద చూసే పాథాలజీ డాక్టర్‌కి మామూలుగా తేడా తెలుస్తుంది. అయినా మీ నోటితో అడగండి: "ఇవి రెండూ వేర్వేరుగా పుట్టినవేనా, ఒకటి ఇంకొకదానిలోకి వెళ్లిందా?" దీనికి వాళ్లు ఒక్క ముక్కలో జవాబు చెప్పగలరు. ఆ ఒక్క ముక్క దొరికితే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. ఎందుకంటే రెండు క్యాన్సర్లు అనగానే అందరం "అయితే ఒళ్లంతా పాకేసింది" అనే అనుకుంటాం. రెండు చోట్ల విడివిడిగా పుట్టడం, ఒకచోట పుట్టి పాకడం ఒకటి కాదు.

ఇక ఎవరి మాట వినాలి అన్నది. ఇద్దరు డాక్టర్లూ తప్పు చెప్పట్లేదు. ఎవరి జబ్బును వాళ్లు చూస్తున్నారు, అంతే. ఈ రెండు జబ్బుల నడక ఒకలా ఉండదు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె గ్లీసన్ స్కోరు, 6 నుంచి 10 దాకా ఉంటుంది. 3+4 అంటే 7. గ్రేడ్ గ్రూపుల లెక్కలో అయిదింటిలో రెండోది. అలాంటి ప్రోస్టేట్ క్యాన్సర్ చాలామందిలో నెమ్మదిగానే నడుస్తుంది. మూత్రాశయంలో హై గ్రేడ్ గడ్డ అలా కాదు. తీసేసినా మళ్లీ మొలవడం దానికి అలవాటు, కండరంలోకి దిగే ప్రమాదమూ ఉంటుంది. అందుకే మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి కెమెరా పెట్టి చూస్తారు. ఆగమన్న డాక్టర్ మనసులో బహుశా ఇదే ఉండొచ్చు.

మీరు ఇద్దర్నీ అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. చాలామందికి తట్టదు. "రేపు బీసీజీ పనిచేయక మూత్రాశయం తీసేయాల్సి వస్తే, ఇప్పుడు ఇచ్చే రేడియేషన్ దానికి అడ్డం అవుతుందా?" రేడియేషన్ పడినచోట తర్వాత ఆపరేషన్ చేయడం కష్టమవుతుంది. పేగుతో కొత్త మూత్రాశయం కట్టే అవకాశం కూడా తగ్గొచ్చు. పైగా మూత్రాశయం తీయాల్సివస్తే ప్రోస్టేట్ ఎలాగూ దాంతోపాటే పోతుంది, రెండిటికీ ఒకటే ఆపరేషన్. అలాగని రేడియేషన్ వద్దని నేను అనట్లేదు. ఈ లెక్క ఇద్దరూ కలిసి వేయాలి అంటున్నాను. పెద్ద ఆస్పత్రుల్లో ట్యూమర్ బోర్డ్ అని ఉంటుంది. ఆపరేషన్ డాక్టర్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్, స్కాన్ చూసేవారు, పాథాలజీవారు ఒకచోట కూర్చుని కేసు చూస్తారు. "మావారి కేసు బోర్డులో పెట్టారా?" అని అడగండి. మొహమాటపడొద్దు. పెట్టకపోతే పెట్టమనండి. బోర్డు లేనిచోట ఒక డాక్టర్ ఇంకొకరికి ఉత్తరం రాసేలా చూడండి. మీ నోటి మీదుగా కబురు పంపనివ్వకండి. నేను ఆ పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం కొన్నాళ్లు చేశాను. కుర్చీలో విన్నది లిఫ్ట్ దిగేసరికి రూపం మారిపోతుంది.

మీ అసలు పని ఇక్కడే ఉందని నా అభిప్రాయం. రెండు ఫైళ్లు వేర్వేరు గదుల్లో ఉంటాయి. ఒక గదిలో జరిగింది ఇంకో గదిలో తెలియదు. ఆ రెండిటి మధ్య సందులో ఉన్నది మీరు. ఉదాహరణకు, బీసీజీ ఒక్కోసారి ప్రోస్టేట్‌లో కూడా వాపు తెప్పిస్తుంది. దాంతో పీఎస్‌ఏ పెరగొచ్చు. యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా, పైపు పెట్టినా, కెమెరా పెట్టి చూసినా పెరగొచ్చు. మీవారికి బయాప్సీలోనే తేలింది కాబట్టి అక్కడ అనుమానం లేదు. ఇకమీదట పీఎస్‌ఏ 9 నుంచి 11 అయిందనుకోండి, చూసే డాక్టర్‌కి ముందు వారమే బీసీజీ ఎక్కించారని తెలియకపోతే ఆ అంకెకు అర్థం మారిపోతుంది. రేడియేషన్ అయ్యాక రక్తం పడితే "రేడియేషన్‌కి అలాగే ఉంటుందిలే" అని ఎవరైనా తేలిగ్గా తీసేయొచ్చు. రేడియేషన్ వల్ల కావచ్చు కూడా. కానీ మూత్రాశయంలో ముందే గడ్డ వచ్చిన మనిషి విషయంలో కెమెరా పెట్టి చూసేదాకా ఆ మాటతో సరిపెట్టుకోకూడదు.

నేను చేసేది చెప్తాను. లావు ఫైలు కాదు, ఒకే ఒక్క కాగితం. ఎడమవైపు తేదీ, మధ్యలో జరిగింది, కుడివైపు అంకె. బీసీజీ తేదీ, పీఎస్‌ఏ తేదీ, కెమెరా తేదీ, స్కాన్, జ్వరం వచ్చినరోజు, యాంటీబయాటిక్ వాడిన రోజులు, అన్నీ ఒకే వరుసలో, రెండు జబ్బులూ కలిపి. వెనకవైపు మందుల పేర్లు. రక్తం పలచబడే మందులు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే వాటి కింద ఎర్ర గీత. ఏ చిన్న ప్రొసీజర్ చేయబోయినా ముందు ఆ ఎర్రగీత చూపించాలి. ఆపాలా వద్దా, ఎన్నాళ్లు అన్నది వాళ్లే చెప్పాలి, మనంతట మనం ఆపకూడదు. ఆ కాగితం డాక్టర్ టేబుల్ మీద పెడితే చాలు, మీరు ఏమీ చెప్పక్కర్లేదు, ఆయనే చదువుకుంటారు. మావారికిప్పుడు ప్రోస్టేట్ లేదు కాబట్టి పీఎస్‌ఏ దాదాపు సున్నాలో ఉండాలి. మూత్రాశయం కోసం తీసే స్కాన్ల పక్కనే ఆ అంకె కూడా ఉంటుంది. ఒకసారి మూత్రాశయం వైపు చూసే డాక్టర్ ఆ పరీక్ష రాయలేదు. కాగితంలో ఆ గడి ఖాళీగా ఉండటం చూసి ఆయనే "ఇదేంటి?" అని రాసిచ్చారు.

నోరు విప్పకపోవడం గురించి. డాక్టర్ ముందు తల ఊపడం వినకపోవడం కాదమ్మా. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక ఆ తర్వాతి మాటలు చాలామంది బుర్రకు ఎక్కవు. అందుకే లోపలికి వెళ్లే ముందే ఆయన్ని అడగండి, "నేను రాసుకోవచ్చా, ఫోన్‌లో రికార్డు చేయొచ్చా అని డాక్టర్‌ని అడగనా?" అని. ముందుగా ఆయన ఒప్పుకోవాలి, తర్వాత డాక్టర్ ఒప్పుకోవాలి. "నీకెందుకు" అన్నారంటే నాకు అర్థమయ్యేది ఇది: రోజుకొక కొత్త మనిషి వచ్చి బట్టలు విప్పమంటున్నాడు, ఎక్కడెక్కడో పైపులు పెడుతున్నాడు. ఆ మనిషి చేతిలో తనదంటూ మిగిలింది తక్కువ. మీరు కూడా ఆరాలు మొదలుపెడితే ఉన్నదీ పోయినట్టు అనిపిస్తుంది. అందుకని పనులు పంచుకోండి. తేదీలు, కాగితాలు, ఫోన్లు మీవి. ఒంటి సంగతి ఆయనది. ఎంత మంట ఉంది, రాత్రి ఎన్నిసార్లు లేచారు అన్నవి ఆయన్నే ఆ కాగితం మీద గీతలు పెట్టమనండి. మావారు మాట్లాడరు గానీ గీతలు పెట్టేవారు. నాలుగు గీతలున్న రాత్రికి నేను పొద్దున ఏమీ అడిగేదాన్ని కాదు, ఏడు దాటితే డాక్టర్‌కి ఫోన్ చేసేదాన్ని.

ప్రశ్నలు వేయాల్సిందే అయితే ఎదురుగా కూర్చుని వేయకండి. కారులోనో, నడుస్తూనో, ఇద్దరి కళ్లూ వేరేవైపు ఉన్నప్పుడు మగవాళ్లు కాస్త మాట్లాడతారు. ఇది పరిశోధన కాదు, నా గమనిక.

సిగరెట్ మాత్రం నేను మెత్తగా చెప్పను. మూత్రాశయ క్యాన్సర్‌కి అన్నిటికన్నా పెద్ద కారణం పొగే. పొగలోని విషాలు రక్తంలోంచి కిడ్నీల్లోకి, అక్కడ్నుంచి మూత్రంలోకి వచ్చి మూత్రాశయంలో గంటలు గంటలు నిలవుంటాయి. జబ్బు వచ్చాక కూడా తాగుతూ ఉంటే మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ ఈ మాట మీరు చెప్తే గొడవ అవుతుంది. కెమెరా పెట్టే డాక్టర్‌తో చెప్పించండి. నికోటిన్ ప్యాచ్‌లు, చూయింగ్ గమ్‌లు, మందులు ఉన్నాయి. వట్టి పట్టుదల ఒక్కటే సరిపోకపోవచ్చు. పాత సిగరెట్ల గురించి నిందలు మాత్రం వద్దు. అవి కాలిపోయాయి.

ప్రశ్న: మేడమ్, బీసీజీ ఎక్కించుకుని వచ్చాక ఇంట్లో ఏం జాగ్రత్తలు పాటించాలి? అది టీబీ మందు అన్నారు. నాకు, పిల్లలకు టీబీ అంటుకుంటుందా? మేం వేరే గదిలో పడుకోవాలా? — ఇంకొక పాఠకురాలు

జవాబు: వేరే గది అక్కర్లేదు. క్యాన్సర్ అంటుకోదు. బీసీజీ అంటే టీబీకి ఇచ్చే టీకానే, బలహీనపరిచిన బతికున్న సూక్ష్మజీవి. 1921లో మొదటిసారి మనిషికి ఇచ్చారు. 1976లో కెనడాలో అల్వారో మొరేల్స్ అనే యూరాలజిస్ట్, ఆయన సహచరులు దాన్ని మూత్రాశయంలోకి ఎక్కించి, క్యాన్సర్ మీద పనిచేస్తుందని ప్రచురించారు. లోపలి పొరను రెచ్చగొట్టి, ఒంట్లోని రక్షణ కణాలను అక్కడికి రప్పిస్తుంది. మొదట వారానికోసారి ఆరు వారాలు, తర్వాత విడతలుగా ఇస్తారు.

జాగ్రత్త పడాల్సింది మూత్రంతో. పైపుతో ఎక్కించాక రెండు గంటల దాకా మూత్రం ఆపుకోమంటారు. ఆ తర్వాత ఆరు గంటలపాటు ఎన్నిసార్లు వెళ్లినా కూర్చునే వెళ్లాలి, చింది పడకుండా. వెళ్లిన ప్రతిసారీ కమోడ్‌లో ఇంట్లో వాడే బ్లీచ్ పోసి, మూత పెట్టి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగి ఫ్లష్ చేయాలి. బ్లీచ్‌ని ఇంకే క్లీనర్‌తోనూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మూత్రం పడిన బట్టలు విడిగా ఉతకాలి. రెండు బాత్రూములుంటే ఆరోజు ఒకటి ఆయనకే వదిలేయండి, లేకపోతే బ్లీచ్ సీసా, ఒక టైమర్ లోపలే పెట్టండి. టైమర్ ఎందుకంటే మగతగా ఉన్న మనిషి పదిహేను నిమిషాలు లెక్కపెట్టడు. ఎక్కించాక రెండు రోజులు దాంపత్యానికి దూరంగా ఉండాలి, కోర్సు నడిచినన్నాళ్లు కండోమ్ వాడాలి. ఎప్పటివరకో డాక్టర్‌ని అడగండి. ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడొద్దు, రోజూ వినేవాళ్లే.

రక్తం కనిపిస్తున్నప్పుడు, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు బీసీజీ ఇవ్వరు, వాయిదా వేస్తారు. కాబట్టి అలాంటిదేదైనా ఉంటే దాచకుండా వెళ్లగానే చెప్పాలి. ఒకటి రెండు రోజులు మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, కొద్దిగా జ్వరం, ఒళ్లునొప్పులు మామూలే. జ్వరం 38.5 సెల్సియస్ దాటినా, చలీ వణుకూ వచ్చినా, తగ్గకుండా సాగినా ఆరోజే ఫోన్ చేయాలి. ఇంకొకటి. కోర్సు అయిపోయిన నెలల తర్వాత కూడా విడవని జ్వరం వస్తే, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మొదటి మాటగా "ఈయనకు మూత్రాశయంలోకి బీసీజీ ఎక్కించారు" అని చెప్పండి. మామూలు జ్వరం చూసే డాక్టర్‌కి అది తట్టకపోవచ్చు.

ప్రశ్న: నేనే రోగిని. రెండు జబ్బులూ ఉన్నాయి. ప్రోస్టేట్‌కి మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్ వేస్తున్నారు. ఉన్నట్టుండి ఒళ్లంతా వేడెక్కి చెమటలు పడుతున్నాయి. టీవీలో ఏదో చిన్న విషయం చూసినా ఏడుపొస్తోంది. భార్య మీద కోరిక అన్నది పూర్తిగా పోయింది. ఆమె ఏమనుకుంటుందోనని వేరే మంచం వేసుకున్నాను. ఆమెకు ఎలా చెప్పాలి? — ఒక పాఠకుడు

జవాబు: అన్నయ్యా, ఆ మంచం సంగతి ఆవిడ ఎలా అర్థం చేసుకుందో నేను చెప్పగలను. "నేనంటే ఇష్టం పోయింది" అనుకుని ఉంటుంది, లేదా "నా దగ్గరేమో దాస్తున్నారు" అని. రెండూ నిజం కావు కదా. కాబట్టి వాళ్లు ఇచ్చిన ఇంజెక్షన్ కాగితం ఆమె చేతికి ఇచ్చి, "ఇది నా ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌ని ఆపేస్తుంది, అందుకే ఇవన్నీ" అని చెప్పండి. అంతకుమించి ఉపన్యాసం అవసరం లేదు.

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి మగ హార్మోనే తిండి అని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు. దానికి 1966లో నోబెల్ వచ్చింది. ఆ తిండి ఆపితే క్యాన్సర్ పస్తు పడుతుంది, మీరు ఆ ఖర్చు భరిస్తున్నారు. వేడి ఆవిర్లు, ఏడుపు, కోరిక పోవడం, నీరసం, బరువు పెరగడం, ఎముకలు పలచబడటం, రొమ్ముల్లో నొప్పి, అన్నీ ఈ మందు పనులే. ఇందులో మీ మగతనం తప్పేమీ లేదు. నిజానికి మీ ఆవిడకు వేడి ఆవిర్ల గురించి మీకన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది. నెలసరి ఆగే వయసులో ఆమె అవి పడి ఉంటుంది. ఆమెనే సలహా అడగండి. పలచటి బట్టలు, పక్కన ఫ్యాన్, పొరలు పొరలుగా దుప్పట్లు లాంటి చిట్కాలు ఆమె దగ్గర ఉంటాయి. మరీ ఎక్కువైతే మందులూ ఉన్నాయి, డాక్టర్‌ని అడగండి.

రోజూ నడక, వారంలో రెండు మూడుసార్లు బరువులతోనో రబ్బరు బ్యాండ్లతోనో కండరాలకు పని, ఇవి నీరసానికీ ఎముకలకూ మంచివి. ఎముకల సాంద్రత పరీక్ష చేయించాలా, కాల్షియం, విటమిన్ డి కావాలా అని అడగండి. షుగర్, గుండె సంగతి కూడా చూడమనండి. ఏడుపు రోజుల తరబడి సాగి, దేనిమీదా ఆసక్తి లేకుండా పోతే అది డిప్రెషన్ కావచ్చు, దానికీ వైద్యం ఉంది. అంగస్తంభన మాత్రల గురించి అడిగేటప్పుడు, గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. ఆ రెండూ కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

మంచం మళ్లీ దగ్గరకు జరపండి. చెమటలు పడితే దుప్పటి తీసేస్తారు, అంతే.

మీ లాంటి ఉత్తరాలు రాసిన అందరికీ ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పేస్తాను. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినవారిలో కొత్తగా వెన్నునొప్పి మొదలై, కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మల మూత్రాల పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. మూత్రాశయం వైపు చూస్తే, రక్తపు గడ్డలు పడి మూత్రం పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బితే అదీ అంతే. కీమో నడుస్తున్నవారికి 38 డిగ్రీల జ్వరం చాలు.

ప్రశ్న: మావారికి కూడా మూత్రాశయం, ప్రోస్టేట్ రెండూ తీసేసి పొట్ట మీద బ్యాగ్ పెట్టారు. వారానికి రెండుమూడుసార్లు కారిపోతోంది. రాత్రి పక్క తడుస్తోంది. ఆయన బయటికి రావడమే మానేశారు. నేనే మారుస్తున్నాను, చేయి వణుకుతోంది. — ఒక పాఠకురాలు

జవాబు: కారిపోతున్నదంటే తప్పు మీ చేతిది కాకపోవచ్చు, కొలతది కావచ్చు. ఆపరేషన్ అయిన మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు స్టోమా, అంటే పొట్ట మీద ఎర్రగా కనిపించే, మూత్రం బయటికి వచ్చే ఆ పేగు మొన, చిన్నదవుతూ వస్తుంది. బ్యాగ్‌ని ఒంటికి అంటించే ప్లేటులో మొదట్లో కోసిన రంధ్రం కొలతతోనే కోస్తూ పోతే చుట్టూ చర్మం బయటపడి, మూత్రం తగిలి ఒరుసుకుపోతుంది. ఒరుసుకున్న తడి చర్మానికి అతుకు అంటదు, మళ్లీ కారుతుంది. కాబట్టి మళ్లీ కొలవండి. స్టోమా కన్నా రంధ్రం రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దగా ఉండాలి. పొట్ట ముడత పడేచోట ఉంటే మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే రకం ప్లేటు కావాలేమో. స్టోమా నర్సు చూసి చెప్పేస్తారు.

మార్చేది పొద్దున్నే, ఏమీ తాగకముందు. అప్పుడు మూత్రం తక్కువ వస్తుంది. అయినా చుక్కచుక్క వస్తూనే ఉంటుంది, దానికి ఆగు అని చెప్పలేం. ఒక గాజుగుడ్డ ముక్కను వేలంత లావుగా చుట్టి స్టోమా మొన మీద ఆనించి పట్టుకోమనండి, ఆయన్నే. అది పీల్చుకుంటూ ఉంటే మీరు చుట్టూ గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, మెత్తగా అద్ది, పూర్తిగా ఆరనివ్వొచ్చు. నూనె, క్రీము, సువాసన సబ్బు వద్దు, అతుకు జారిపోతుంది. ప్లేటు అంటించాక అరచేయి దానిమీద పెట్టి కాసేపు ఉంచండి. ఒంటి వేడికి జిగురు పట్టుకుంటుంది. తుడిచేటప్పుడు కొంచెం రక్తపు మరక అంటడం, మూత్రంలో తెల్లటి జిగట రావడం మామూలే, పేగు కదా, జిగట దాని స్వభావం. రంగు మాత్రం గమనించండి. ఎర్రగా, తడిగా ఉండాలి. ఊదారంగో నలుపో అయితే వెంటనే ఆస్పత్రి.

బ్యాగ్ సగం కాకముందే ఖాళీ చేయాలి, బరువుకే ఊడిపోతుంది. రాత్రికి పొడుగు ట్యూబ్‌తో పెద్ద నైట్ బ్యాగ్ తగిలించి, దాన్ని మంచం కన్నా కిందికి వేలాడదీయండి. తగిలించేముందు చిన్న బ్యాగ్‌లో కొంచెం మూత్రం ఉండనివ్వండి, లేకపోతే లోపల గాలి పట్టేసి పారదు. ట్యూబ్ మెలికపడకుండా పైజామా కాలు లోపలినుంచి కిందికి తీస్తాం మేము. పక్క తడవడం దాదాపు ఆగిపోయింది. ఇన్ఫెక్షన్ అనుమానంతో మూత్రం శాంపిల్ అడిగితే బ్యాగ్‌లోంచి ఇవ్వకండి. అందులో ఎలాగూ సూక్ష్మజీవులుంటాయి, లేని ఇన్ఫెక్షన్‌కి మందులు పడతాయి. స్టోమాలోంచి నేరుగా తీయాలి, అది నర్సు పని.

మీరే మారుస్తున్నాను అన్నారు. చేతులు, చూపు బాగున్న మనిషైతే, నెమ్మదిగా ఆయన చేతికి మార్చండి. మొదట గాజుగుడ్డ పట్టుకోవడం, తర్వాత ఖాళీ చేయడం, తర్వాత అంటించడం. బయటికి రాకపోవడానికి కారణం కారుతుందన్న భయం సగమైతే, కారితే భార్య పక్కన లేదే అన్న భయం మిగతా సగం. తనంతట తాను మార్చుకోగలనని తెలిసిన రోజున ఆయనే చెప్పులు వేసుకుంటారు. ముందే రంధ్రం కోసి పెట్టిన ప్లేటు, బ్యాగ్, గాజుగుడ్డ, ఒక కవరు, ఒక లుంగీయో ప్యాంటో ఒక చిన్న సంచిలో పెట్టి తలుపు దగ్గర ఉంచండి.

ప్రశ్న: రోజూ సాయంత్రం బంధువులు వరసగా ఫోన్లు చేసి ఎలా ఉందని అడుగుతారు. ప్రతివారికీ మొదటినుంచి చెప్పాలి. కొందరు "రెండు క్యాన్సర్లా!" అని ఏడుస్తారు, వాళ్లను నేనే ఓదార్చాలి. నాకు విసుగొస్తోంది, కోపమొస్తోంది. ఇలా అనిపించడం పాపమా? — పేరు వద్దు

జవాబు: పాపం కాదు, అలసట. ఒక్క మనిషిని ఎంచుకోండి, చెల్లెలో మరిదో, నోరు అదుపులో ఉన్నవాళ్లు. ఏదైనా కొత్త సంగతి ఉంటే వాళ్లకు మాత్రమే చెప్పండి, మిగతావాళ్లకు వాళ్లు చెప్తారు. ఏది చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు అన్నది మీ ఆయన్ని అడిగే తేల్చుకోండి. జబ్బు ఆయనది, పైగా చెప్పుకోవడానికి ఇబ్బందిపడే చోటు. "ఏమైనా సాయం కావాలా?" అని అడిగేవాళ్లు ఉంటారు, వాళ్లను ఊరికే పోనివ్వకండి. "మంగళవారం పొద్దున నాలుగు గంటలసేపు వచ్చి ఆయన దగ్గర ఉంటారా, నేను పడుకోవాలి" అని చెప్పండి. నాలుగు గంటలూ పడుకోండి. ఇల్లు సర్దకండి.

ఫోన్ ఎత్తక తప్పనివాళ్లకు మాత్రం నేను ఇప్పటికీ ఇదే చెప్తాను: "వైద్యం జరుగుతోంది, బాగానే చూస్తున్నారు, కొత్త సంగతి ఉంటే చెల్లి చెప్తుంది. మీరెలా ఉన్నారు?" ఆ ఆఖరి మాట అడిగితే చాలామంది తమ మోకాళ్ల నొప్పుల గురించి మొదలుపెడతారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని ఆ రోజు గీతలు కాగితంలో ఎక్కించేసుకోవచ్చు.